ఒక్కసారి మీ ఉంగరం ఇస్తారా?

గారడీ చేసే మనిషి తన జేబులోంచి ఉంగరం తీసి మాయం చేస్తే మనం పెద్దగా ఆశ్చర్యపోం. ఆ ఉంగరంలోనే ఏదో కిటుకు ఉందనుకుని ఊరుకుంటాం. అదే మనిషి ముందు వరుసలోకి వచ్చి, "ఒక్కసారి మీ ఉంగరం ఇస్తారా?" అని చెయ్యి చాపితే మాత్రం హాలంతా సర్దుకుని కూర్చుంటుంది. ఇంద్రజాలంలో అడిగి తీసుకున్న ఉంగరానికి ఇంత చరిత్ర ఉందంటే కారణం ఆ క్షణమే.

సూరత్‌కు బదిలీ మీద వచ్చిన ఏడాది మా బ్రాంచీల కుటుంబాలన్నీ కలిసిన ఒక సాయంత్రం నేనూ దీన్ని చూశాను. స్థానిక జాదూగర్ ఒకాయన మా సహోద్యోగి అత్తగారి దగ్గరకు వెళ్లి, "బెన్, తమారీ వీంటీ ఆపశో?" అన్నాడు. గుజరాతీలో వీంటీ అంటే ఉంగరం. ఆవిడ కాస్త తటపటాయించి ఇచ్చింది. ఆయన దాన్ని రుమాలులో చుట్టి ముగ్గురి చేత తడిమించాడు. ముగ్గురూ లోపల ఉందన్నారు. రుమాలు విదిలిస్తే ఏమీ లేదు. తర్వాత గాజు గ్లాసులో ఉన్న ఊలు ఉండను పిల్లల చేత విప్పించాడు. విప్పగా విప్పగా మధ్యలో అగ్గిపెట్టె, దాంట్లో ఉంగరం! పిల్లలు కేకలు పెట్టారు. ఆవిడ మాత్రం ఉంగరాన్ని వెలుతురుకు పట్టి లోపలి వైపు చూసుకుని, వేలికి పెట్టుకుని, ఆ తర్వాతే చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచి ఈ విద్య గురించి దొరికినదల్లా చదువుతున్నాను.

వాచీ, రుమాలు, రూపాయి బిళ్ల కూడా ప్రేక్షకుల నుంచి అడిగి తీసుకుంటారు. కానీ రూపాయి బిళ్లలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి దాని మీద గుర్తు పెట్టించాలి. ఉంగరానికి ఆ అవసరం లేదు. దాని సొట్ట, అరిగిన అంచు, రాయి పక్కన గీత పెట్టుకున్న మనిషికి కంఠతా వచ్చు. హనుమంతుడు లంకలో సీతమ్మకు చూపించింది రాముడి పేరున్న ఉంగరమే. మన పరిభాషలో చెప్పాలంటే కేవైసీ పత్రం! కాళిదాసు నాటకంలో శకుంతల పోగొట్టుకున్న రాజముద్రిక చేప కడుపులోంచి బయటపడుతుంది. దాన్ని అమ్మబోయిన జాలరిని భటులు దొంగ అని పట్టుకుంటారు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా ఇలాంటి కథే చెప్పాడు. పాలిక్రటీస్ అనే పాలకుడు సముద్రంలోకి విసిరేసిన ఉంగరం చేపతో పాటు అతని ఇంటికే తిరిగి వచ్చిందట. పోయిన ఉంగరం ఎవరూ ఊహించని చోట దొరకడం గారడీవాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. జనం నోళ్లలో నానిన కథనే వాళ్లు కళ్ల ముందు జరిపి చూపించారు.

ఉంగరం గారడీ కిటుకును అచ్చులో పెట్టిన తొలినాటి పుస్తకాల్లో ముఖ్యమైనది 1584లో ఇంగ్లండ్‌లో రెజినాల్డ్ స్కాట్ రాసిన 'డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్'. అప్పట్లో అక్కడ మంత్రగత్తెలన్న నింద వేసి అమాయకులను శిక్షిస్తున్నారు. జనం మంత్రమనుకునేవాటిలో హస్తలాఘవం ఎంత ఉందో చూపించడానికి ఆయన గారడీవాళ్ల రహస్యాలు కొన్ని బయటపెట్టాడు. అందులో చెంపలోంచి ఉంగరం దూర్చే గారడీ ఒకటి. ఒకేలాంటి రెండు ఉంగరాలు ఉండాలి. ఒకదాన్ని ఆకురాయితో కోసి సందు చేసి చెంపకు తగిలిస్తారు. రెండోది ముందే ఒక కర్రకు ఎక్కించి చేతి చాటున దాచి, కర్ర రెండు కొసలూ ఎవరిచేతనో పట్టిస్తారు. చెంప మీది ఉంగరాన్ని లాగి దాచేసి, కర్ర మీద చెయ్యి తీస్తే ఉంగరం గిరగిరా తిరుగుతూ కనిపిస్తుంది. రెండు కొసలూ పట్టుకునే ఉన్నారు, ఉంగరం ఎలా ఎక్కింది? జవాబు: ముందే ఎక్కింది. ఇప్పటికీ ఈ విద్యలో సగం ఇదే అని నా అభిప్రాయం. మనం చూడటం మొదలుపెట్టేసరికే పని అయిపోయి ఉంటుంది.

స్కాట్ చెప్పిన ఉంగరాలు రెండూ గారడీవాడివే. అడిగి తీసుకున్న ఉంగరం సంగతి ప్రొఫెసర్ హాఫ్‌మన్ 1876లో వేసిన 'మోడరన్ మేజిక్' పుస్తకంలో వివరంగా కనిపిస్తుంది. ప్రొఫెసర్ అన్నది కలం పేరే. అసలు మనిషి ఏంజిలో లూయిస్ అనే లండన్ బారిస్టర్. ఉంగరాల గారడీలకు ఆయన ఒక అధ్యాయమే కేటాయించాడు. పెళ్లి ఉంగరాన్ని అడిగి తీసుకుని పట్టు రుమాలులోంచి దూర్చడం అందులో ఒకటి. రుమాలు కింద ప్రేక్షకుడు పట్టుకున్నది పెళ్లి ఉంగరం కాదు. ఉంగరంలా వంచి మొనలు సాన పట్టిన తీగ ముక్క. దాన్ని గుడ్డలోంచి గుచ్చి బయటకు లాగేసి, రుమాలును వేళ్లతో రుద్దితే చిల్లు కూడా కనబడదు. అసలు ఉంగరం ఎప్పుడో గారడీవాడి చేతిలోకి వచ్చేసింది.

సూరత్‌లో నేను చూసిన రుమాలుకూ ఇంతకంటే పెద్ద రహస్యం ఉండదు. రుమాలు మూలలో మడత లోపల ఒక చవక ఉంగరం కుట్టేసి ఉంచడం చాలా పాత పద్ధతి. ముగ్గురూ తడిమింది దాన్నే. ఊలు ఉండ సంగతి మాత్రం చెప్పను. పాపం, ఆ జాదూగర్ ఇంకా నాలుగు ఊళ్లు తిరగాలి.

మన దేశపు వీధి గారడీవాళ్ల దగ్గరా ఉంగరం, కర్ర ఆట ఉండేది. బ్రిటిష్ ఇండియా సైన్యంలో మేజర్‌గా ఇక్కడ పనిచేసిన బ్రాన్సన్ 1922లో 'ఇండియన్ కాన్జ్యూరింగ్' అని రాసిన పుస్తకంలో దీన్నీ, ఊలు ఉండ ఆటనూ వివరించాడు. మన గారడీవాళ్లను ఆయన కాస్త చిన్నచూపు చూశాడనిపిస్తుంది. వేదిక లేదు, తెర లేదు, చుట్టూ నాలుగు వైపులా జనం. అలాంటి చోట నేల మీద కూర్చుని చేసే హస్తలాఘవం థియేటర్‌లో చేసేదాని కంటే కష్టమని నాకు తోస్తుంది. తర్వాతి కాలంలో అమెరికాలో రిచర్డ్ హింబర్ అనే బ్యాండ్ లీడర్ ముగ్గురి ఉంగరాలు అడిగి తీసుకుని, వాటిని గొలుసులా ఒకదానికొకటి తగిలించి చూపించి, మళ్లీ విడదీసి ఎవరివి వాళ్లకు ఇచ్చేవాడు. ఆ ఆటకు వాడే ఉంగరాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

రుమాలు రహస్యం చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఇదే పనిని వీధిలో చేసేవాళ్లున్నారు. ఉదయం గుడికో, కూరగాయలకో వెళ్లే పెద్దవాళ్లను ఆపి, "మేం పోలీసులం, ముందు వీధిలో దొంగతనం జరిగింది, నగలు తీసి కాగితంలో చుట్టుకోండమ్మా" అంటారు. సాయం చేస్తున్నట్టు వాళ్లే పొట్లం కట్టి సంచిలో వేస్తారు. ఇంటికెళ్లి విప్పితే రాళ్లు. తెలుగు పత్రికల్లోనూ ఈ వార్త పదే పదే చదువుతుంటాం. ఉంగరం తీయించడం, చుట్టడం, తడిమి చూడనివ్వడం, ఒకేలాంటి రెండో పొట్లం... అంతా హాఫ్‌మన్ పుస్తకమే, చివరి పేజీ చింపేసి. ఇంట్లో అమ్మమ్మలకూ నానమ్మలకూ "జాగ్రత్త" అని ఊరికే చెప్పేకన్నా, ఒక రుమాలు, రెండు ఉంగరాలు తీసుకుని ఈ ఆట చేసి చూపించండి. మా అమ్మకు అలాగే చూపించాను. రెండోసారి చూపించేటప్పుడు నా ఎడమచేతి మీదినుంచి చూపు తిప్పలేదు.

పొట్లం మార్పిడి భయం ఈ ఊరికి కొత్త కాదు. మహీధర్‌పురా హీరా బజార్‌లో దలాళ్లు స్కూటర్ల మీద కూర్చుని, మడిచిన కాగితపు పొట్లాల్లో వజ్రాలు చూపిస్తూ బేరాలాడతారు. 'జాంగడ్' చీటీ మీద సరుకు చేతులు మారుతుంది. నచ్చితే డబ్బు, లేకపోతే సరుకు వెనక్కి. అక్కడ పొట్లానికి సీలు వేశారంటే ఇక దాన్ని ఇంకొకరు విప్పకూడదు.

మన బంగారు రుణాల కౌంటర్లోనూ అదే జాగ్రత్త. అప్రైజర్ తూకం, ఖాతాదారు కళ్లెదుటే సంచికి సీలు, ఆ తర్వాత ఇద్దరు అధికారుల ఉమ్మడి తాళాల్లో భద్రం. విడిపించుకునే రోజున సంచిని మళ్లీ వాళ్ల ముందే విప్పుతాం. ఇక్కడి లింబాయత్ నుంచి వచ్చే మన తెలుగు నేత కుటుంబాల ఆడవాళ్లను గమనిస్తుంటాను. రిజిస్టర్ వాళ్ల వైపు తిప్పి పెన్ను ఇస్తే పక్కన పెట్టేస్తారు. ముందు ఉంగరం వేలికి తొడిగి ఒకసారి తిప్పి చూసుకుంటారు, తర్వాత సంతకం.