తూటా సామగ్రి – వెల, లభ్యత

పంటకాపునకై గొట్టపు నోటినుండి మందు కూరు తుపాకిని ఎరుగని పెద్దలు మన పల్లెలలో అరుదు. గొట్టములో మందు పోసి, పీచుముద్ద దట్టించి, సీసపు రవ్వలు వేసి, వెనుకనున్న చిన్న ముక్కుపై రాగి టోపీ తొడిగిన గాని యా తుపాకి పేలదు. ఈ మందును, గుండును, నిప్పు పుట్టించు టోపీని ఒక్క యిత్తడి గొట్టములో ముందుగానే కూర్చి యుంచినచో దానికి తూటా యని పేరు. పేలిన పిమ్మట గుండు పోవును, మందు కాలిపోవును, టోపీ నలిగి పనికిరాకుండును. ఇత్తడి గొట్టము మాత్రము మిగులును. దానిని పారవేయక, మరల టోపీని, మందును, గుండును చేర్చి, యింటనే క్రొత్త తూటాగా చేసికొను వాడుక అమెరికా సంయుక్త రాష్ట్రములలో బహుళముగా నున్నది. ఆ సామగ్రి వెల యేల పెరిగెను, వెల యిచ్చెదమన్నను ఏల దొరకకపోయెను అనునది నేటి ప్రసంగ విషయము.

నేను తుపాకి పట్టినవాడను కాను, మాంసము ముట్టినవాడను కాను. అట్టివానికి ఈ విషయమెట్లు తెలిసెనని మీరు అడుగవచ్చును. 2022వ సంవత్సరపు శరత్కాలమున టెక్సాసు రాష్ట్రములో మా అబ్బాయి యింట కొన్ని నెలలుంటిని. పొరుగింటి వృద్ధునికి నా యీడే. అతని కొట్టములో ఒక బల్ల, బల్లపై మీట గల యొక చిన్న యచ్చుమర, ప్రక్కనొక త్రాసు ఉండెడివి. మనవలె అక్కడి రైతులకును అడవిపందుల బాధ కలదు. అవి మందలు మందలుగా వచ్చి ఒక్క రాత్రిలో చేనంతయు త్రవ్వి పోవును. నవంబరు మాసము వచ్చినచో జింకల వేట మొదలగును. ఆ వృద్ధుడు సంవత్సరమునకు రెండు జింకలను కొట్టి, ఆ మాంసమును శీతలపు పెట్టెలో నుంచుకొని యింటిల్లిపాదియు తినువాడు. ఆ యేడు అతని పండ్రెండేండ్ల మనుమడు మొదటిసారి వేటకు పోవలసి యున్నది. ఇత్తడి గొట్టములు బుట్టలనిండ కలవు, మందు డబ్బాలు రెండు కలవు. టోపీలు మాత్రము అరువదిరెండు. అతడు వానిని నా యెదుటనే లెక్కించి చూపెను. పిల్లవాడు గురి నేర్చుకొనుటకే నూరు కావలెను. గురి కుదరని చేతితో వేటకు పంపినచో జంతువు గాయపడి, పొదలలో రెండు మూడు దినములు కొన ఊపిరితో బాధపడి చచ్చును. ఆ పాపము తనకు వలదని యతడు పిల్లవానిని ఆపివేసెను.

మొదట వెల సంగతి చూతము. అక్కడ మందును తూచు కొలతకు గ్రెయిను అని పేరు. పూర్వము యవధాన్యపు గింజయే ఆ తూనికకు మూలము. మన శాస్త్రములలోను యవ యనునది యొక కొలతయే కదా. ఒక పౌనునకు 7000 గ్రెయినులు. జింకను కొట్టు తూటాకు సుమారు 40 గ్రెయినుల మందు పట్టును. కాబట్టి పౌను మందుతో 175 తూటాలు నిండును. 2019 ప్రాంతమున పౌను మందు ముప్పది డాలర్ల లోపున దొరకుచుండెను గనుక, తూటాకు మందు ఖర్చు పదునేడు సెంట్లు. వేయి టోపీలు ముప్పది, ముప్పదియైదు డాలర్లు, అనగా ఒక్కొక్కటి మూడు సెంట్ల పైచిల్లర. గుండు ఇరువదియైదు మొదలు ముప్పది సెంట్లు. గొట్టము పలుమారులు పనికివచ్చునది గావున దాని ఖర్చు లెక్కకు రాదు. మొత్తము అర డాలరు. అంగడిలో తయారు తూటా డాలరునకు తక్కువ కాదు. ఇట్లు సగమునకు సగము కలిసివచ్చును. చేతిపనికి కూలి వేసికొనినచో ఏమియు మిగులదని ఆ వృద్ధుని భార్య నవ్వుచు చెప్పెను. అదియు నిజమే.

2021లో ఆ టోపీలే వేయింటికి 80, 100 డాలర్లు పలికినవి. చేతులు మారు బేరములలో 200 వరకు పోయినవి. ఐనను లెక్క చూడుడు: మూడు సెంట్ల టోపీ పది సెంట్లయినచో తూటాకు పెరిగినది ఏడు సెంట్లే. అందువలన ఎవ్వరును దివాలా తీయరు. చిక్కంతయు దొరకకపోవుటలో నున్నది. వంటలో ఉప్పు ఖర్చు ఎంత? అది లేనిచో వంట యేమగును?

ఈ టోపీకి ఒక చిన్న చరిత్ర కలదు. పూర్వము తుపాకులు చెకుముకి రాతి నిప్పురవ్వతో పేలెడివి. ముందుగా పళ్లెములో మెరుపు కనబడుటచే పక్షులు బెదరి లేచిపోవుచుండెను. స్కాట్లండు దేశపు క్రైస్తవ పురోహితుడు అలెగ్జాండరు ఫోర్సైతు పక్షుల వేటయందు మక్కువ గలవాడు. అతడు దెబ్బ తగిలినంతనే పేలు మందును తుపాకికి అమర్చు విధము కనిపెట్టి 1807లో హక్కుపత్రము పొందెను. పిదప 1866 ప్రాంతమున ఆంగ్లేయుడు బాక్సరును, అమెరికావాడు బెర్డనును రెండు విధముల టోపీలను కల్పించిరి. బాక్సరు పద్ధతిలో గొట్టపు అడుగున నట్టనడుమ ఒక్కటే రంధ్రముండును. సన్నని సూదితో పొడిచినంత పాత టోపీ ఊడి వచ్చును. బెర్డను పద్ధతిలో సాధారణముగా రెండు రంధ్రములు ప్రక్కలనుండుటచే పాత టోపీని ఊడదీయుట కష్టము. వింత యేమనగా, ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలో నిలిచినది. అమెరికావాని పద్ధతి ఐరోపాలో నిలిచినది. అమెరికాలో ఇంటింట తూటాలు నింపుకొను వాడుక బలపడుటకు ఈ యొక్క రంధ్రమే పెద్ద కారణము.

టోపీని ఇంట చేసికొనరాదు. దానిలోని మందు దెబ్బకే కాక, రాపిడికిని పేలునది. కర్మాగారములలో సైతము దానిని తడిగా నుంచి, మిక్కిలి జాగ్రత్తతో, అలవాటుపడిన చేతులతోనే నింపుదురు. అందుచే ఆ దేశమున టోపీలు చేయు పెద్ద సంస్థలు చాలకాలముగా నాలుగే: ఫెడరలు, సి.సి.ఐ., రెమింగ్టను, వించెస్టరు. 2020లో రెమింగ్టను వ్యాపారము దివాలా తీయగా, దాని తూటాల భాగమును, అంతకుముందే ఫెడరలును సి.సి.ఐ.ని ఏలుచున్న విస్టా అను సంస్థయే కొనెను. నాలుగింట మూడు ఒక్క చేతిక్రిందికి వచ్చినవి. 2024 నవంబరులో ఆ మూడును కలిసి చెకు దేశపు సంస్థ యొకదానికి అమ్ముడుపోయినవి.

ఈ సంస్థలు తమ టోపీలను మొదట తాము చేయు తూటాలకు వాడుకొనును. మిగిలినవే విడిగా అమ్మును. తూటాలకు గిరాకి పెరిగిన యేడు విడి టోపీలు మొట్టమొదట అంగడి విడిచిపోవును. తన కొష్ఠము నిండిన గాని రైతు ధాన్యమును సంతకు పంపునా?

గిరాకి యేల పెరుగును? భయమువలన. 2012 డిసెంబరులో కనెక్టికటు రాష్ట్రపు న్యూటౌను పట్టణమున ఒక దుర్మార్గుడు బడిలో జొరబడి ఇరువదిమంది పసిపిల్లలను, ఆరుగురు పెద్దలను కాల్చి చంపెను. బడిపంతులుగా బ్రదికిన నాకు ఈ మాట నోటరాదు. ఆ ఘోరము జరిగిన పిమ్మట ప్రభుత్వము తుపాకులను కట్టడి చేయునని తలచి, జనులు తుపాకులను, తూటాలను, సామగ్రిని ఎగబడి కొనిరి. 2013లో కరవు వచ్చెను. మరల 2020లో మహమ్మారియు, వీధులలో అల్లరులును, ఎన్నికలును ఒక్కమారే వచ్చిపడినవి. తుపాకి కొనువాని పూర్వచరిత్ర విచారణలు 2019లో 2 కోట్ల 84 లక్షలుండగా, 2020లో 3 కోట్ల 97 లక్షలైనవి. విచారణ యొకటికి అమ్మకము ఒకటియని చెప్పరాదు గాని, పెరుగుదల యెంతటిదో దీనివలన తెలియును. టోపీలు పొడిచోట నుంచినచో దశాబ్దములు చెడవు. చెడని వస్తువును దాచుకొనుటకు అడ్డేమి? వేయి చాలువాడు పదివేలు కొనెను. 2016 నవంబరులో మన దేశమున ఉప్పు దొరకదను వదంతి పుట్టి, కిలో రెండు వందలకు కొనినవారిని తలచుకొనుడు. సముద్రము ఎండలేదు, మడులు ఇంకలేదు. దుకాణము మాత్రము ఖాళీ అయినది.

క్రొత్త కర్మాగారములు ఏల కట్టరని నేను ఆ వృద్ధుని అడిగితిని. భయము తగ్గినంతనే బేరము పడిపోవును. రెమింగ్టను 2018లో ఒకమారు, 2020లో ఒకమారు దివాలా తీసినది అందువలననే యని అతడనెను. ఇతర కారణములును ఉండవచ్చును గాని, రెండేండ్ల గిరాకికై ఇరువదేండ్ల పెట్టుబడి పెట్టుటకు వర్తకుడు వెనుదీయుట సహజమే.

ఇక మందు సంగతి. దీనియందు మనవారు తెలిసికొనవలసిన దొకటి కలదు. పాత నల్లమందు సురేకారము, గంధకము, బొగ్గుల కూడిక. నేటి పొగలేని మందు పత్తినుండి పుట్టినది. 1846లో షోన్‌బైను అను రసాయన పండితుడు పత్తిని ఆమ్లములతో మార్చి పేలు పత్తిని లోకమునకు చూపెను. 1884లో ఫ్రాన్సు దేశస్థుడు వ్యెయి దానిని తుపాకికి వశమగునట్లు చేసెను. నీలగిరులయందలి ఆరువంకాడు కర్మాగారము ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో వెలసినది ఈ జాతి మందునకే. దీనికి వస్త్రము నేయు నిడుపాటి పోగు అక్కరలేదు. జిన్నింగు మరలో పత్తి వలిచిన పిమ్మట గింజకు అంటియుండు పొట్టి నూగు చాలును. గుంటూరునను ఆదిలాబాదునను మనము గానుగకు పంపు గింజపై కనబడు నూగే అది.

2022లో రష్యా యుక్రెయినుపై దండెత్తిన పిమ్మట ఐరోపాలో ఫిరంగి గుండ్ల గిరాకి మిన్నంటెను. ఒక్క ఫిరంగి గుండును దూరముగా విసరుటకు కిలోలకొలది మందు కావలెను. వేటతూటా మందును ఫిరంగి మందును ఒకటి కావు గాని, రెండింటి మూలద్రవ్యము ఈ పత్తినూగు సరకే. ఐరోపాకు ఆ నూగు ఎక్కువగా చీనానుండి వచ్చుచుండెడిది. అది కొన్ని నెలలుగా ఆగినదని 2024లో ఐరోపా సంఘపు అధికారి బ్రెతాఁ బహిరంగముగా చెప్పెను. సైన్యము ముందు వేటకాడు ఎంతటివాడు? పౌను మందు వెల యేబది డాలర్లకు చేరెను.

సీసము గూర్చి అధికముగా చెప్పనక్కరలేదు. ఖనిజమునుండి సీసము కరగించు కడపటి అమెరికా కొలిమి మిస్సూరీలో 2013 చివర మూతపడినది. అందుచే గుండ్లు కరవైనవని వదంతి పుట్టెను గాని, అక్కడ గుండ్లకు పోవు సీసము చాలవరకు పాత బ్యాటరీలను కరగించినదే. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుండి వేటకు సీసపు గుండు నిషిద్ధము. చచ్చిన జంతువును తిను పెద్ద రాబందులు ఆ సీసముచే విషమెక్కి చచ్చుచుండుటయే కారణము. అక్కడివారు వెల యెక్కువైన రాగి గుండ్లను వాడుదురు.

దూరమునుండి తెప్పించుకొను వారికి మరియొక దండుగ కలదు. టోపీలును మందును ప్రమాదకర వస్తువులు గనుక, రవాణాదారులు పార్సెలు ఒక్కింటికి ఇరువది ముప్పది డాలర్లు వేరుగా గుంజుదురు. అందుచే నలుగురైదుగురు కలిసి ఒక్క పార్సెలు తెప్పించి పంచుకొందురు. సంతకు బండి కట్టించుకొని కిరాయి పంచుకొనుట మనకు క్రొత్త కాదు.

ఇది విని మన గ్రామములలో ఎవరైనను ఉబలాటపడుదురేమో యని ఒక మాట. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము తూటా భాగములును తూటాలుగానే ఎంచబడును; లైసెన్సు లేక యుంచుకొనుట నేరము. పంటకాపుకై గొట్టపునోట మందు కూరు తుపాకికి లైసెన్సు ఇచ్చు నియమము ఆ చట్టమందే కలదు. కావలసినవారు దరఖాస్తు చేసికొనవచ్చును.

ఆ వృద్ధుని సంగతి ముగింతును. అక్టోబరులో అతడు తాను పోతపోసిన సీసపు గుండ్లను రెండు వందలు ఇచ్చి, దూరపు మిత్రునివద్ద నూరు టోపీలు మార్పిడిగా తెచ్చుకొనెను. పిల్లవాడు మూడు వారములు గురి నేర్చుకొనెను. నేను విమానమెక్కు నాటికి కొట్టములో ముప్పదినాలుగు మిగిలియున్నవని లెక్కించి చెప్పెను.