మీకు తెలుసా? చలికాలంలో గిజిగాడి గూడు

గిజిగాడు గూడు కట్టేది వానాకాలంలో. దాని పనితనాన్ని తీరిగ్గా చూడాలంటే మాత్రం చలికాలమే మేలు. పాల్వంచ నుంచి భద్రాచలం దాకా అడవి అంచు ఊళ్లలో, పెరటి తాటిచెట్టు నుంచో ఈతచెట్టు నుంచో రాలిన పాత గూడు దొరికితే చేతిలోకి తీసుకుని చూడండి. సన్నని ఆకు పీచులు ఒకదాని కింద ఒకటి దూరి ముడిపడి ఉంటాయి. లోపలి గోడకు మట్టి ముద్దలు ఎండి అతుక్కుని ఉంటాయి. చెట్టునే మిగిలిన గూళ్లలో జినువాయిల వంటి చిన్న పిట్టలు తలదాచుకుంటాయి.

ఇదంతా పుట్టుకతో వచ్చే అలవాటు, ఇందులో కళ ఎక్కడుందని అడగవచ్చు. అలవాటు నిజమే. కానీ మగపిట్ట గూడును సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే సాధారణంగా అది పూర్తవుతుంది. ఎంపిక, తిరస్కారం ఉన్నచోట పనిని ఉత్త యాంత్రికం అనలేం. జాషువా గిజిగాడిపై పద్యాలు రాశారంటే ఈ నేర్పు కవి కంటికి ఆనింది కాబట్టే. భద్రాద్రి రాముడి కథకైనా మొదటి శ్లోకం క్రౌంచపక్షిని చూసిన చూపులోంచే పుట్టిందంటారు. అది పురాణమే కావచ్చు, కవిత్వం ఎక్కడ మొదలవుతుందో మన పెద్దలకు తెలుసనడానికి మాత్రం అది చాలు. ఈ జనవరిలో తాటిమట్టల కింద వెతకండి: నిండు గూళ్ల పక్కనే, టోపీలా సగంలో ఆగిపోయినవీ వేలాడుతుంటాయి.