కారు అడుగు తగులుతుంటే...

రాయవేలూరు (వేలూరు) నుంచి బెంగళూరు వైపు 48వ నంబరు జాతీయ రహదారి మీద కొంతదూరం పోతే పాలారు ఒడ్డున విరించిపురం వస్తుంది. అక్కడి స్వామి మార్గబంధీశ్వరుడు, దారిన పోయేవాళ్లకు తోడుండే దేవుడు. చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల దారుల్లో తిరుగుతూనే ఉంటాయి. కొందరు గుడికి వస్తారు, ఇంకా ఎక్కువమంది వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి వస్తారు. రోగితో కలిపి ఐదుగురు, డిక్కీ నిండా సంచులు. పెద్దరోడ్డు మీద ఏ ఇబ్బందీ ఉండదు. ఊళ్లోకి తిరిగి మొదటి స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే కింద ‘గర్’మంటుంది. ‘ఆయిల్ చాంబర్‌కు తగిలిందేమో చూడు’ అంటారు ఎవరో ఒకరు.

ఎందుకు తగిలిందో లెక్క వేసి చూడొచ్చు. మారుతీ డిజైర్ కారులో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2450 మి.మీ. నేలకూ అడుగుకూ మధ్య ఖాళీ కంపెనీ చెప్పే ప్రకారం 163 మి.మీ. లెక్క తేలిగ్గా ఉండటానికి అడుగంతా ఒకే ఎత్తులో ఉందనుకుందాం. వెనక ఇరుసు మీద అదనంగా 230 కిలోలు పడ్డాయి, అంటే ఒక్కో స్ప్రింగు మీద 115 కిలోలు. స్ప్రింగు ఒక మిల్లీమీటరు కుంగడానికి 25 న్యూటన్ల బలం కావాలనుకుంటే, వెనక భాగం దాదాపు 45 మి.మీ. దిగుతుంది. ముందు 15 దిగితే నడుమ 30. మిగిలిన ఖాళీ 133.

ఇప్పుడు స్పీడ్ బ్రేకర్ సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం ప్రకారం దాని వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు ఉండాలి. అంత వెడల్పైన వంపు మీదికి కారు నాలుగు చక్రాలతోనూ ఎక్కేస్తుంది కాబట్టి, నడిమి ఖాళీలో అది తినేసేది 44 మి.మీ. మాత్రమే. ఇంకా 89 మిగులుతుంది. అదే, అర మీటరు వెడల్పున 12 సెంటీమీటర్ల ఎత్తుకు తారు కుప్పగా పోసిన దిబ్బయితే ముందు చక్రాలు దిగిపోయాక దిబ్బ మొత్తం కారు కిందే ఉంటుంది. మిగిలేది 13 మి.మీ. బండి ఒక్కసారి ఊగితే చాలు, తగులుతుంది. ఇందులో కారు తప్పు చాలా తక్కువ. నియమం తప్పి వేసిన దిబ్బలను సరిచేయించడమే అసలైన మరమ్మతని నా గట్టి నమ్మకం. కానీ అది జరిగేదాకా బండి నడవాలి కదా. అందుకే మెకానిక్ షెడ్డులో ‘ఎత్తు పెంచండి’ అనే మాట వినిపిస్తుంటుంది.

ఎత్తు పెంచే పద్ధతుల్లో అన్నిటికంటే నిరపాయమైనది స్ప్రింగు కొసకూ అది ఆనుకునే గద్దెకూ మధ్య ఉండే రబ్బరు ప్యాడ్‌ను మార్చడం. ఆ ప్యాడ్ దాదాపు ప్రతి కారులోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. ఇనుము మీద ఇనుము రాసుకోకుండా, రోడ్డు చప్పుడు లోపలికి రాకుండా ఆపడం దాని మొదటి పని. కాస్త మందమైనది వేస్తే బండి లేస్తుంది. స్ప్రింగు గట్టిపడటం వల్ల లేచిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. స్ప్రింగు ఎంత కుంగాలన్నది దాని మీద పడే బరువును బట్టే ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లోనే చెప్పాడు. ప్యాడ్ మారినా కారు బరువు మారలేదు, కాబట్టి స్ప్రింగు పొడవూ మారదు. పీట ఎత్తు పెంచితే దాని మీద కూర్చున్న మనిషి తల పైకి లేచినట్టే ఇదీ.

ఎంత లేస్తుందన్నది స్ప్రింగు ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది. స్ప్రింగు షాక్ అబ్జార్బర్‌కే చుట్టుకుని చక్రం పక్కనే నిలబడి ఉంటే 10 మి.మీ. ప్యాడ్‌కు బండి కూడా దాదాపు అంతే లేస్తుంది. కింది ఆర్మ్ నడుమ కూర్చుంటే లెక్క వేరు. ఆర్మ్ కీలు నుంచి చక్రం 400 మి.మీ., స్ప్రింగు 240 మి.మీ. దూరంలో ఉన్నాయనుకోండి. 5 మి.మీ. ప్యాడ్‌తో బండి 8 మి.మీ. పైనే లేస్తుంది.

ఈ సూక్ష్మాన్ని పద్ధతిగా వాడుకున్నవాళ్లు మెర్సిడెస్ బెంజ్ ఇంజనీర్లు. 1995లో పుణెలో తయారీ మొదలైనప్పుడు వచ్చిన డబ్ల్యూ124 కార్లను పరిశీలిస్తే ఇది కనిపిస్తుంది. వాటి ప్యాడ్లు 8, 13, 18, 23 మి.మీ. మందాల్లో వస్తాయి. అంచున చిన్న బొడిపెలుంటాయి: ఒకటుంటే 8, రెండుంటే 13, అలా. చీకట్లో వేలితో తడిమినా ఏ మందమో తెలిసిపోతుంది. డీజిల్ ఇంజనుకూ పెట్రోలు ఇంజనుకూ బరువు వేరు, ఏ రెండు స్ప్రింగులూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ తేడాలను ప్యాడ్‌తో సరిదిద్దుతారు. ఎత్తు కొలిచేటప్పుడు కూడా ఫెండర్ అంచును నమ్మకుండా, కింది ఆర్మ్ ఎంత వాలిందో కొలవమంటుంది కంపెనీ.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది ఈ ప్యాడ్ కాదు. స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్. రెంటినీ ఒకటే అనుకోవద్దు. బఫర్ పెట్టిన చోట చుట్టు కదలదు. ఆరు చుట్లు చేసే పని ఐదు చుట్లు చేయాలి, స్ప్రింగు ఐదో వంతు గట్టిపడుతుంది. ఎప్పుడూ నిండు బరువుతో తిరిగే బండికి అది కొంత ఊరటే. కానీ ఇద్దరే కూర్చున్నప్పుడు ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. దానికితోడు రబ్బరు కింద మట్టి, నీళ్లు చేరి రంగు గీసుకుపోతే ఆ చోటే తుప్పు మొదలై స్ప్రింగు విరగొచ్చు. నేనైతే దాన్ని సిఫారసు చేయను.

ప్యాడ్‌కూ హద్దుంది. షాక్ అబ్జార్బర్ చాపు మారదు కనుక బండి 15 మి.మీ. లేస్తే, గుంటలోకి చక్రం దిగే జాగా అంత తగ్గుతుంది. చక్రాల వాలు మారుతుంది. వెనక మాత్రమే 15 లేపితే హెడ్‌లైటు వెలుగు 50 మీటర్ల దూరంలో 30 సెంటీమీటర్లు కిందికి పడుతుంది. దీన్నే తిరగేసి చూడండి: వెనక బరువుతో ముందుకంటే 30 మి.మీ. ఎక్కువ కుంగిన కారు వెలుగు అదే దూరంలో 60 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. రాత్రి గుడియాత్తం దారిలో ఎదురొచ్చే బైకతని కళ్లలో పడేది అదే.

అసలు బండి కూర్చుండిపోయిందో లేదో ముందు తేల్చుకోవాలి. చదునైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచుదాకా నాలుగు మూలలా టేపుతో కొలవాలి. జాకీ దింపిన వెంటనే కొలవొద్దు, రెండు మూడు మీటర్లు ముందుకూ వెనక్కూ నెట్టాకే టైర్లు సర్దుకుంటాయి. ఒక మూల మాత్రమే దిగి ఉంటే కొత్త స్ప్రింగుకు డబ్బు పెట్టే ముందు పాత ప్యాడ్‌ను విప్పించి చూడండి. ఏళ్ల తరబడి నలిగి, పగిలి, సగం మందమే మిగిలి ఉండొచ్చు. ఒక్క మూలకే మందం పెంచితే ఆ చక్రంతోపాటు ఐమూలగా ఉన్న చక్రం మీదా బరువు పెరుగుతుంది, అందుకే జతగా మార్చడం మంచిది.

ప్యాడ్ మార్చడం ఇంట్లో చేసుకునే పని కాదు. మీటరుకు 20,000 న్యూటన్ల బిగువున్న స్ప్రింగును 150 మి.మీ. అదిమితే అందులో 225 జౌళ్ల శక్తి దాగుతుంది. పది కిలోల రాయి రెండు మీటర్లకు కాస్త ఎక్కువ ఎత్తు నుంచి పడ్డంత. సరైన కంప్రెసర్ లేకుండా తాళ్లు, తీగలు కట్టి స్ప్రింగు విప్పే చోట బండి ఇవ్వకండి. కొత్త రబ్బరు కొంత కుంగుతుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిపించి, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైటు కోణం సరిచేయించండి.