చేయి విసరు క్రీడలును రక్తనాళములును

వడిసెల దావీదు కాలమునాఁటిది. మన గాండ్లపెంట ప్రాంతపు చేలలోనిదియు. నేఁడు దానికి మాఱుగాఁ గ్రికెట్టు బంతి, వాలీబాలు, ఈటె వచ్చినవి. వీని యన్నిటను భుజమే ప్రధానము. భుజము నొచ్చినచో జనులు కండరము బెణికెనందురు. తఱచు నది నిజమే. కాని యరుదుగా నా నొప్పికిఁ గారణము కండరము గాక రక్తనాళమై యుండును. దీని నెఱుఁగకుండుటచేఁ జేయియే కాదు, ప్రాణమును బోవచ్చును గనుక వ్రాయ నుద్దేశించితిమి.

హృదయమునుండి మంచిరక్తమును దెచ్చునది ధమని. చెడురక్తమును మరలఁ గొనిపోవునది సిర. 1628లో విలియం హార్వే యను నాంగ్లేయ వైద్యుఁడు తన గ్రంథమున నొక పరీక్ష చూపెను. చేతిని మిక్కిలి బిగించి కట్టినచో ధమనియు మూసికొని, మణికట్టున నాడి యందక, చేయి చల్లబడును. కట్టును గొంచెము సడలించినచో ధమని తెఱచుకొనును గాని సిర మూసికొనియే యుండును. రక్తము వచ్చును, పోదు. చేయి యుబ్బి రంగు మాఱును. (విద్యార్థు లిది స్వయముగాఁ జేసి చూడరాదు.) విసరువారి చేతికిఁ గలుగునవి యీ రెండు స్థితులే, కట్టుమాత్రము వెలుపల లేదు, లోపల నున్నది.

చేతిధమనియు సిరయు జత్రువను మెడక్రింది యెముకకును మొదటి ప్రక్కటెముకకును నడిమి యిఱుకుసందునఁ బోవును. చేయి పైకెత్తినపుడు, సాధనచేఁ గండరము బలిసినపుడు, సందు మఱింత యిఱుకగును. సిర మాటిమాటికి నలిగి యందు రక్తము గడ్డకట్టును. లండనులో జేమ్సు పేజెటు 1875లోను, వియన్నాలో ష్రోటరు 1884లోను వర్ణించిన వ్యాధి యిదియే. చేయి హఠాత్తుగా నుబ్బి నీలిరంగు దేఱును. ఆ గడ్డ యూపిరితిత్తులకుఁ బోవచ్చును.

ధమని దెబ్బతినుట యింతకన్నఁ గపటమైనది. వాలీబాలు బలముగాఁ గొట్టువారికి భుజాస్థిని వెనుకనుండి చుట్టివచ్చు చిన్నధమని సాగిసాగి, బుడగవలె నుబ్బును. అందుఁ గట్టిన గడ్డలు జాఱి వ్రేళ్లలో నడ్డుపడును. ఆటగాఁడు వ్రేలు చల్లగా నున్నదనును. భుజమును జూడవలెనని యెవ్వరికిఁ దోఁచును?

అమెరికాలో బేస్‌బాలు విసరుటయందుఁ బ్రసిద్ధుఁడైన జె. ఆర్. రిచర్డు 1980లోఁ దన చేయి చచ్చువడినట్లున్నదని చెప్పఁగా, సోమరితనమని యాడిపోసుకొన్నవారు గలరు. కుడిచేతిధమనిలో నడ్డంకి యున్నదని పరీక్షలోఁ దేలినను, సాధన సాగినది. జూలై 30వ తేదీని సాధనలోనే పడిపోయెను. మెదడునకుఁ బోవు మెడధమనిలో గడ్డ యడ్డుపడి, యెడమప్రక్క పక్షవాతము వచ్చెను. వయస్సు 30. కుడిచేతిధమనియుఁ గుడిమెడధమనియు నొక్క కాండమునుండియే చీలునని యెఱిఁగినవారి కిది వింత గాదు. అతఁడు 2021 వఱకు జీవించెను. పెద్దపోటీలలో మరల బంతి విసరలేదు.

కండరపు నొప్పి నొక్కినచోట నుండును, విశ్రాంతితోఁ దగ్గును. వ్రేళ్లు వెచ్చగానే యుండును. విసరుచేతి వ్రేళ్లుమాత్రమే చల్లబడి పాలిపోయినను, గోళ్లక్రింద సన్నని నల్లగీతలు గనఁబడినను, రెండుచేతుల నాడులు సమముగా లేకున్నను, ఆట నానాఁడే మానవలెను. ఉబ్బిన చేతిని నూనెపెట్టి మర్దింపరాదు. పుత్తూరు కట్టు విఱిగిన యెముకలకుఁ బ్రసిద్ధమే గాని, మూసికొన్న నాళముపైఁ గట్టు కట్టుట హార్వే కట్టును రెట్టించినట్లగును.

అనంతపురమువంటి పట్టణపుఁ బెద్ద యాసుపత్రిలో డాప్లరు పరీక్షచే, అనఁగా ధ్వనితరంగములచే, రక్తపు నడకను గనుఁగొందురు. చేతిని పైకెత్తించియుఁ జూడుఁడని కోరవలెను. క్రిందికి వ్రేలాడునపుడు దోషము గానరాకపోవచ్చును. సిరలోని గడ్డను గరగించు మందు రెండువారముల లోపల నిచ్చినచో బాగుగాఁ బనిచేయును. సందును విశాలపఱచుటకు మొదటి ప్రక్కటెముకను దీసివేయుదురు. అది లేకయే చేయి చక్కఁగా నాడును, పలువురు మరల నాటకు వచ్చియున్నారు.