ఒకే బడి - రెండు పింఛన్లు

నందిపేట్: మండలంలోని సర్కారు బడుల పంతుళ్లకు జీతమైనా, పింఛనైనా రాష్ట్ర ఖజానా నుంచే. బడి చేతికందేది నిర్వహణ గ్రాంటే: 101 నుంచి 250 మంది పిల్లలుంటే ఏడాదికి 50 వేల రూపాయలు. సుద్దముక్కలు, చీపుళ్లు, మరమ్మతులు అన్నీ అందులోనే!

ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబర్ 1కి ముందు చేరినవారికి చివరి మూలవేతనంలో సగం దాకా పింఛను. ఆ తరువాతి వారి జీతంలో నెలనెలా 10 శాతం కోత. అంతే మొత్తం సర్కారు జమచేయాలి. అంటే పాత పింఛన్లు, కొత్త వాటా రెండూ ఖజానాకు ఒకేసారి బరువే. 2021లో విరమణ వయస్సును 61కి పెంచడంతో మూడేళ్లు ఊపిరాడింది. 2024లో విరమణలు మళ్లీ మొదలయ్యాయి.

2003 డీఎస్సీ వారి గోడు వేరు. నోటిఫికేషన్ ముందే వచ్చినా కొలువు దక్కింది 2005లో. అలాంటి తన ఉద్యోగులకు కేంద్రం 2023లో పాత పింఛను కోరుకునే వీలిచ్చింది.