తొందరపడి వచ్చిన చుట్టాలు

"కడుపుతో ఉన్నదాని కాళ్ళకు నీరు రాకపోతే మీకూ నాకూ వస్తుందా?" అన్నాను నేను.

ఈ మాట అన్నందుకు తరవాత ఎంత ఏడ్చానో ఆ దేవుడికే తెలుసు. నా తోటి అమ్మమ్మలూ నాయనమ్మలూ ఇలాంటి మాట అనకుండా ఉంటారని ఇది రాస్తున్నాను. నవ్వుకున్న సంగతులూ లేకపోలేదు. అవీ చెబుతాను.

మా అమ్మాయి కాపురం హైదరాబాదులో. పెళ్ళయిన ఆరేళ్ళకు, 2023లో, నెల తప్పింది. మూడో నెలలో స్కానింగు తీసి కవలలన్నారు. ఆ మాట ఫోనులో వినగానే మావారు రెండోసారి కాఫీ అడిగారు. నేను కాదనకుండా ఇచ్చాను. అంత సంతోషం! డాక్టరమ్మ చెప్పిన పురుటి తేదీ 2024 జనవరి 15. సరిగ్గా సంక్రాంతి. పండక్కి అల్లుడొక్కడే కాదు, ఇద్దరు మనవలు కూడా వస్తున్నారని ఊరంతా చెప్పుకున్నాను.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి గదా! ఏడో నెలలో శ్రీమంతం చేసి పిల్లను తీసుకువచ్చేద్దామని గాజులు కొన్నాను, బియ్యం నానబోశాను. డాక్టరమ్మ అడ్డుపడింది. "కవలలంటేనే కనిపెట్టి ఉండాలి. పైగా బి.పి. మెల్లిగా పైకి జరుగుతోంది. నెలలు నిండని పిల్లల్ని రాత్రీ పగలూ చూడగలిగిన ఆసుపత్రి అరగంట దూరంలో ఉంటే తప్ప ఈ అమ్మాయి ఎక్కడికీ కదలడానికి వీల్లేదు" అంది. మా ఊరు కోనసీమలో కాలువగట్టు మీద చిన్న పల్లె. అరగంటలో చేరుకోగలిగినవి కొబ్బరితోటలే.

నాకు చెడ్డ కోపం వచ్చింది. నేను ముగ్గుర్ని కన్నాను, ఏ మిషనూ పెట్టి చూడలేదు, అని గొణిగాను. ఏమైతేనేం, చివరికి నేనే పెట్టె సర్దుకుని హైదరాబాదు చేరాను. పెట్టెలో శొంఠి, కాయం, మెత్తటి పాతచీరల గుడ్డలు, మా అత్తగారి నాటి వెండి ఉగ్గుగిన్నె.

నాగుల చవితి

నవంబరు 17, శుక్రవారం. నాగుల చవితి. నేను తెల్లవారుజామునే లేచి చలిమిడీ చిమ్మిలీ చేస్తున్నాను. అమ్మాయి రాత్రి నుంచీ తలనొప్పిగా ఉందంటూ వచ్చి కూచుంది. మొహం ఉబ్బి ఉంది. "పైత్యమే. శొంఠి పట్టు వేస్తాను, తగ్గిపోతుంది" అన్నాను. "కాళ్ళు కూడా బాగా వాచాయండీ అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు. అప్పుడు అన్నాను పైమాట.

ఇంతలో అమ్మాయి, "అమ్మా, కళ్ళముందు మిణుగురులు తిరుగుతున్నట్టుందే" అంది. అల్లుడు మరి మాట్లాడలేదు. రోజూ చూసి పుస్తకంలో రాయమని డాక్టరమ్మ చెప్పిన బి.పి. మిషను తెచ్చి దాని చేతికి చుట్టాడు. 170, 110. పుస్తకంలో రాయను కూడా రాయలేదు. కారు తాళాలు తీసుకున్నాడు. పుట్టలో పొయ్యాల్సిన పాలు వంటింట్లోనే ఉండిపోయాయి.

ఆసుపత్రిలో ఊదారంగు బెలూన్లు కట్టి ఉన్నాయి. ఎవరిదో పుట్టినరోజనుకున్నాను. నవంబరు 17 నెలలు నిండని శిశువుల దినమట. ప్రపంచమంతా జరుపుతారట. అది మా కోసమేనని అప్పటికి తెలియదు.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. కొందరికి మాయలో రక్తనాళాలు సరిగా కుదురుకోవు. దాని మూలంగా తల్లికి రక్తపుపోటు పెరుగుతుంది. మూత్రపిండాలూ, కాలేజమూ, మెదడూ దెబ్బ తినవచ్చు. కవలల తల్లులకు ఈ ప్రమాదం ఎక్కువ. ఐదో నెల దాటాక గట్టి తలనొప్పి, కళ్ళు చెదరడం, మొహమూ చేతులూ ఉబ్బడం, డొక్క పైభాగాన నొప్పి, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరకు రావాలి. లేకపోతే ఫిట్స్ రావచ్చు.

ఫిట్స్ అనేసరికి నాకు గుండె ఆగినంత పనైంది. మా కాలంలో దాన్ని గుర్రపువాతమనేవారు. 1971లో మా పిన్ని ఆ జబ్బుతోనే పోయింది. ఆవిడకూ ముందు తలనొప్పే వచ్చింది. ఇంట్లో అందరూ దిష్టి అన్నారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది నేనే. ఇదంతా కళ్ళతో చూసినదాన్ని, నా కూతురి దగ్గరకు వచ్చేసరికి శొంఠి పట్టు వేస్తానన్నాను!

మూడు రోజుల గడువు

ఈ జబ్బుకు అసలు మందు పురుడే. కాని పిల్లలకు ఇంకా ముప్ఫైరెండు వారాలైనా నిండలేదు. ఫిట్స్ రాకుండా అమ్మాయికి మెగ్నీషియం ఎక్కించారు. పిల్లల ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావడానికి పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు ఇచ్చారు. న్యూజీలండులో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పరిశోధన చేస్తూ, ఈ మందు పడ్డ గొర్రెపిల్లలు నెలలు నిండకుండా పుట్టినా ఊపిరి తీసుకోవడం గమనించాడట. 1972లో ఆయనా హోవీ అనే మరో డాక్టరూ కలిసి తల్లులకిచ్చి రుజువు చేశారు.

"ఏడో నెల పిల్లలు బతుకుతారు గాని ఎనిమిదో నెల పిల్లలు బతకరంటారే?" అని అడిగాను, నోరు పెగుల్చుకుని. పిల్లల డాక్టరు మా అబ్బాయి ఈడువాడు. నవ్వలేదు. "అమ్మమ్మగారూ, కడుపులో పిల్లలకు ఆ లెక్క తెలియదండీ. ఒక్కరోజు ఎక్కువ ఉంటే ఒక్కరోజు బలం. అంతే" అన్నాడు.

మూడు రోజులు గడిచాయి. 20వ తేదీ కార్తీక సోమవారం. సాయంత్రానికి రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం మొదలెట్టాయి. ఇంక ఆగకూడదన్నారు. నేను ఉపవాసం. నక్షత్ర దర్శనం సంగతి ఎవరికి గుర్తు? రాత్రి తొమ్మిదింటికి పిల్ల పుట్టింది, ఒక కిలో 420 గ్రాములు. రెండు నిమిషాలకు పిల్లవాడు, ఒక కిలో 260 గ్రాములు. మా ఇంట్లో పండక్కి తెచ్చే బెల్లం అచ్చు అంతకంటే బరువుంటుంది.

పిల్లకు ముక్కులో చిన్న గొట్టాలు పెట్టారు. వాటి రెండో కొస నీళ్ళసీసాలో బుడబుడమంటుంది. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఆ గాలి కాపాడుతుందట. పిల్లవాడికి అది చాలలేదు. డొక్కలు ఎగరేస్తున్నాడు. ఊపిరితిత్తుల లోపలి గదులు అంటుకుపోకుండా ఉంచే జిగురులాంటి పదార్థం నెలలు నిండని పిల్లల్లో తక్కువని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ అనే అమెరికా డాక్టరమ్మ కనిపెట్టింది. కనిపెట్టడమైతే కనిపెట్టారు గాని, దాన్ని బయటినుంచి ఇవ్వడం ఇంకా చేతకాలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనడీకి అయిదున్నర వారాలు ముందుగా కొడుకు పుట్టాడు. బరువు రెండు కిలోల పైమాటే. అంతటివాడి బిడ్డ, అంత గొప్ప దేశంలో, ముప్ఫైతొమ్మిది గంటలు మాత్రమే బతికాడు. 1980లో జపానులో ఫుజివారా అనే డాక్టరు ఆవు ఊపిరితిత్తుల నుంచి ఆ పదార్థాన్ని తీసి పసివాళ్ళకిచ్చి బతికించాడు. మావాడికి ఇచ్చినదీ ఆవుదే. నేను మనసులో గోమాతకు దణ్ణం పెట్టుకున్నాను. తెల్లారేసరికి వాడి డొక్కలు ఎగరడం తగ్గింది.

గుండెమీది ఊయల

అయిదో రోజున నర్సమ్మ వచ్చి, "తల్లి ఇంకా లేవలేకపోతోంది. పిల్లల్ని ఎవరు ఎత్తుకుంటారు?" అంది. ఎత్తుకోవడమంటే గుడ్డల్లో చుట్టి కాదు. బిడ్డకు టోపీ, గోచీ తప్ప ఏమీ ఉండవు. మన ఒంటికి వాళ్ళ ఒళ్ళు తగిలేలా గుండెలమీద నిలువుగా పడుకోబెట్టుకుని పైనుంచి గుడ్డ కట్టుకోవాలి. కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో, పసివాళ్ళను వెచ్చగా ఉంచే గాజుపెట్టెలు చాలకపోతే, ఎడ్గర్ రే అనే డాక్టరు తల్లుల గుండెలమీదికి పిల్లల్ని చేర్చాడు. ఇండియాతో సహా అయిదు దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన పరిశోధన 2021లో వెలువడింది. పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే ఇలాంటి పిల్లల మరణాలు నాలుగోవంతు తగ్గాయి.

అది విన్నప్పుడు నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. 1966లో నాకొక తమ్ముడు ఏడో నెలలో పుట్టాడు. దూదిలో చుట్టి, చాటలో పడుకోబెట్టి, పక్కన కుంపటి పెట్టారు. వెచ్చదనం కావాలని మా మామ్మకు తెలుసు. కాని అమ్మ పురిటిగదిలో ఒక మూలా, చాట మరో మూలా. మూడోనాడు చాట ఖాళీ అయింది. అమ్మ గుండెలమీద వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

అల్లుడు ముందు సిగ్గుపడ్డాడు. తరవాత చొక్కా విప్పి కుర్చీలో కూచున్నాడు. పిల్లను గుండెమీద వెయ్యగానే ఊపిరి బిగబట్టి, "అత్తయ్యగారూ, ఫొటో తియ్యకండి" అన్నాడు. నేను తీశాను.

పిల్లవాడు నా వంతు. మా వియ్యపురాలు వరంగల్లు నుంచి వచ్చింది. పెళ్ళినాటి నుంచీ మా ఇద్దరికీ మాటలు తక్కువ. పులుసులో బెల్లం వేస్తామని ఆవిడకు మేం లోకువ, కారం ఎక్కువ తింటారని మాకు వాళ్ళు లోకువ. రాగానే తేనెసీసా తీసింది. "బిడ్డల నాలికకు జర తేనె రాయాలె" అంది. నర్సమ్మ సీసా పుచ్చుకుని దాచేసింది. ఏడాది నిండేదాకా తేనె కూడదట. నేను లోలోపల సంతోషించాను. అంతలోనే నా కాయం డబ్బా కూడా దాచేసింది!

పదకొండో రాత్రి. పిల్లవాడు నా గుండెమీద నిద్రపోతున్నాడు. ఉన్నట్టుండి మిషను కీచుమంది. వాడి పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. గుండెమీద కదలిక లేదు. నా నోట మాట రాలేదు. నర్సమ్మ పరుగున వచ్చి అరికాలిమీద చిటికె వేసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ వేసింది. వాడు ఒళ్ళు విరుచుకుని ఊపిరి తీశాడు.

"నెలలు నిండనివాళ్ళు ఊపిరి తియ్యడం మరిచిపోతుంటారమ్మా. అందుకే వీడికి రోజూ కెఫీన్ ఇస్తున్నాం" అంది. కెఫీనంటే కాఫీలో ఉండేదే. మా వంశంలో కాఫీ లేకపోతే ఊపిరాడనిది నా కొక్కతెకే అనుకున్నాను!

అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. చేతులు వణికిపోతున్నాయి. వాణ్ణి తీసుకోమన్నాను, ఇంక నా వల్ల కాదన్నాను. వియ్యపురాలు ఎప్పుడు వచ్చిందో పక్కన నిలబడి ఉంది. "ఏం కాదొదినా. నువ్వు పోయి జర నీళ్ళు తాగిరా. నేను పట్టుకుంట" అంది. జాకెట్టు హుక్కులు విప్పుకుని వాణ్ణి గుండెలకు హత్తుకుంది. నేను నీళ్ళు తాగి వచ్చేసరికి వాడు ఆవిడ కొంగు కింద గువ్వలా నిద్రపోతున్నాడు. ఆ రాత్రి నుంచీ పగలు నేనూ, రాత్రి ఆవిడా వంతులు వేసుకున్నాం. నా పులుసన్నం డబ్బా ఆవిడ తినేది. ఆవిడ పచ్చడి నేను తినేదాన్ని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

అమ్మాయి లేచి నడిచి వచ్చిన రోజున ఇద్దర్నీ దాని గుండెలమీద చెరో పక్కా పెట్టారు. అది ఏడవలేదు. "ఇంత తేలికా?" అంది. అంతే. గదిలో మిగతావాళ్ళమందరం ఏడ్చాం.

ఉగ్గుగిన్నె

పాలు మొదట రెండేసి మిల్లీలీటర్లు, గొట్టం ద్వారా కడుపులోకి. చప్పరించి, మింగి, ఊపిరి తియ్యడం మూడూ వరసగా చేతకావడానికి ముప్ఫైనాలుగు వారాలు రావాలట. అవి వచ్చాక, నర్సమ్మ తల్లిపాలు పట్టడానికి ఒక స్టీలు గిన్నె తెచ్చింది. చూద్దును గదా, ముక్కున్న గిన్నె. అచ్చం ఉగ్గుగిన్నే! నేను గబగబా పెట్టెలోంచి మా అత్తగారి వెండి గిన్నె తెచ్చి చూపించాను. నర్సమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఆకారం ఇదేనమ్మా. ఇరవై నిమిషాలు మరిగించి తెండి" అంది. పాలసీసాల కంటే ఈ గిన్నెను శుభ్రం చెయ్యడం తేలికట. నేను తెచ్చినవాటిలో ఆసుపత్రి ఒప్పుకున్నది అదొక్కటే. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ముప్ఫైఎనిమిదో రోజున, పిల్ల ఒక కిలో 960, పిల్లవాడు ఒక కిలో 750 గ్రాములుండగా ఇంటికి పంపారు. మావారి ఫిక్సెడ్ డిపాజిట్టు ఒకటి కరిగిపోయింది. జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేక విభాగాలున్నాయనీ, ప్రభుత్వాసుపత్రుల్లో ఆ వైద్యం ఉచితమనీ తరవాత తెలిసింది. అవసరమున్నవారు గుర్తుంచుకోండి. మరొక సంగతి. రెండు కిలోలకు తక్కువ బరువుతోగాని, ముప్ఫైనాలుగు వారాలకు ముందుగాని పుట్టిన పిల్లలకు నెల తిరక్కుండా కంటి లోపలి పొరను పరీక్ష చేయించాలి. ఇంటికి పంపేటప్పుడు ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి. వేళకు చూస్తే పోయే చూపును నిలబెట్టవచ్చు.

నెలలు నిండని పిల్లల ఎదుగుదలను రెండేళ్ళదాకా అసలు పురుటి తేదీ నుంచే లెక్కకట్టాలట. పక్కింటి పిల్లతో పోల్చి "ఇంకా కూచోదేం?" అని ఎవరైనా అంటే నేనిప్పుడు డాక్టరులా లెక్క చెబుతాను. మావాళ్ళకు రెండు పుట్టినరోజులు, కార్తీకంలో ఒకటి, సంక్రాంతికి ఒకటి.

2025 భోగినాడు మా ఊళ్ళో ఇద్దరికీ భోగిపళ్ళు పోశాం. వియ్యపురాలు వారం ముందే వచ్చి కూచుంది. పిల్ల ముక్కు మా వైపుదా, వాళ్ళ వైపుదా అని ఆ రోజు కూడా మాట పట్టింపు వచ్చింది. మేమిలా వాదించుకుంటుంటే, పిల్ల పాక్కుంటూ వెళ్ళి, అలమార కింది అరలోంచి ఉగ్గుగిన్నె లాగి, తమ్ముడి నోటికి అడ్డంగా పెట్టింది. గిన్నెలో ఏమీ లేదు. వాడు మాత్రం నోరు తెరుచుకునే కూచున్నాడు.