పుష్పించే మొక్కల నిర్మాణం

పుష్పించే మొక్కలు లేదా ఆవృతబీజాలు విత్తనాలను ఫలంలో కలిగి ఉండే మొక్కలు. వేరు, కాండం, ఆకు, పువ్వు వీటి ముఖ్య భాగాలు. హైదరాబాదు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో కనిపించే వేప చెట్టు ఇందుకు ఒక ఉదాహరణ.

కణజాలాలు

మొక్క కణం చుట్టూ సెల్యులోజుతో ఏర్పడిన కణకవచం ఉంటుంది. ఆకు కణాలలోని హరితరేణువులు సూర్యరశ్మి సాయంతో ఆహారాన్ని తయారుచేస్తాయి. వేరు పీల్చిన నీటిని మాను లోపలి దారువు పైకి చేరవేస్తుంది. దీని నాళాలు మృతకణాలతో ఏర్పడతాయి. బెరడు లోపలి అంచున ఉండే పోషక కణజాలం సజీవ కణాల ద్వారా ఆహారాన్ని వేళ్ళకు అందిస్తుంది. ఈ రెండింటి నడుమ ఉన్న విభాజ్య కణావళి కొత్త కణాలను ఏర్పరచి మానును లావు చేస్తుంది.

బెరడు ప్రాముఖ్యత

మాను చుట్టూ బెరడును వలయంగా ఒలిచినా, కట్టిన తీగ లోనికి బిగుసుకుపోయినా వేళ్ళకు ఆహారం అందదు. దారువు ద్వారా నీరు అందుతున్నందున ఆకులు కొంతకాలం పచ్చగానే ఉంటాయి. వేళ్ళు చనిపోయిన తరువాత చెట్టు ఎండిపోతుంది.